కందిపప్పు మీద కత్తెర

నెలాఖరులో ఇంటి బడ్జెట్ కత్తెర ముందుగా పడేది కందిపప్పు మీద. పాపం, అది ఎదురు మాట్లాడదు. కేంద్ర ప్రభుత్వ 2022–23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, పట్టణ వినియోగ ఖర్చులో తృణధాన్యాల వాటా 3.64 శాతం, పానీయాలు, ప్యాకెట్ చిరుతిళ్లు, బయట వండిన తిండి వాటా 10.64 శాతం. బియ్యం బస్తా కన్నా చిప్స్ పొట్లాం బరువెక్కువన్నమాట! అయినా కొత్తిమీర కట్ట దగ్గర ఐదు రూపాయలకు హోరాహోరీ బేరమాడి, ఆ గెలుపు సంబరంలో ఫోన్లో బిర్యానీ తెప్పించుకుని, డెలివరీ చార్జీ, ప్లాట్‌ఫాం ఫీజు కిక్కురుమనకుండా కట్టేస్తాం.

ధరలు మండుతుంటే మేమేం చేస్తామంటారా? న్యాయమే. అద్దె, బడి ఫీజు, మందులు కత్తెరకు లొంగవు. రోజు కూలీతో గడిచే ఇంట్లో కోయడానికి మిగిలిందేమీ లేదు; వాళ్లకు పొదుపు పాఠాలు చెప్పడం మొరటుతనం. ఈ చురక వాళ్లకు కాదు, జీతం పడ్డ నాడే వాయిదాలకు సగం ధారపోసి, మిగతా సగంతో పొదుపు మొదలుపెట్టే మారాజులకు. వడ్డీ సున్నా కదా అని వాదిస్తారేమో! సున్నా వడ్డీ అనేదే లేదనీ, క్రెడిట్ కార్డు పథకాల్లో అది తరచూ ప్రాసెసింగ్ ఫీజు ముసుగేసుకుని వస్తుందనీ రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. కాబట్టి అయ్యా, అమ్మా, వచ్చే నెల పప్పుడబ్బా జోలికి పోయేముందు కార్డు బిల్లు ఒకసారి పైకి చదవండి, ఇంటిల్లిపాదికీ వినబడేలా.