దుర్భిణీ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
చేతి వణుకు తెలిసి చిన్నయంకె గొనుము
వేగు వెలుగు కొఱకు విరివి గన్ను
మెడకు బరువు గాని మేలిమి యద్దంబు
నడచువాని కదియె నయనమగును

ప్రతిపదార్థం: చేతి వణుకు = హస్తకంపమును; తెలిసి = ఒప్పుకొని; చిన్న + అంకె = గొట్టం మీద చెక్కిన 8×42 వంటి జంటలో మొదటిది తక్కువగా ఉన్నదానిని; కొనుము = బేరమాడి తీసుకొనుము; వేగు వెలుగు కొఱకు = తెల్లవారుజాము మసక వెలుతురు నిమిత్తం; విరివి + కన్ను = వెడల్పాటి ముందు అద్దం (కావలెను అని అధ్యాహారం); మెడకు బరువు + కాని = కొండెక్కేటప్పుడు పీకకు ఉరి కానట్టి; మేలిమి అద్దంబు = మంచి దుర్భిణీ; నడచువానికి = కాలినడకన పోవువానికి; అదియె = అదే; నయనము + అగును = కన్ను అగును.

తాత్పర్యం: దుర్భిణీని ఎన్నుకోవలసింది అంకె గొప్ప చూసి కాదు, చేతిని, వేళను, మెడను సంప్రదించి.

విశేషాలు: మొదటి అంకె దృశ్యం ఎన్ని రెట్లవుతుందో చెబుతుంది. దృశ్యాన్ని పది రెట్లు చేసే అద్దం చేతి వణుకునూ పది రెట్లు చేస్తుంది. నేలపట్టు చెరువులో గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేప అందుకుంటూంటే, 20 రెట్ల దుర్భిణీ చేతబట్టినవాడికి కనిపించేది భూకంపం. పైగా రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర కుంచించుకుపోతుంది. వాడు కొమ్మ వెతుక్కునే లోపు పిట్ట ఎగిరిపోతుంది.

రెండో అంకె ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. దాన్ని మొదటి అంకెతో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు చుక్క వెడల్పు తేలుతుంది: 8×42కి 5.25, 10×25కి 2.5. మిట్టమధ్యాహ్నం కంటిపాప ముడుచుకొని ఉంటుంది గనుక తేడా తెలియదు. దుకాణంలో పరీక్షించి చూసేదీ ఆ వెలుతురులోనే. వేకువన పాప విచ్చుకుంటుంది, 2.5 చాలదు. అడవి జంతువులు ఎక్కువగా తిరిగేది సరిగ్గా ఆ వేళకే!

ఆక్షేపం: 42 కన్ను మెడకు బరువు కదా?
సమాధానం: నిజమే. కొండదారి పొడుగైతే 8×32 పుచ్చుకోవచ్చు. చుక్క 4 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, మెడ సంతోషిస్తుంది.

ఆక్షేపం: కళ్ళజోడువారి గతి?
సమాధానం: కంటికి, వెనక అద్దానికి నడుమ 15 మిల్లీమీటర్ల ఎడం ఉన్నా దృశ్యం నిండుగా కనిపించేదాన్ని కొని, రబ్బరు దొప్పలను లోపలికి తిప్పుకోవాలి.

పాఠాంతరం: దుకాణదారుల ప్రతులన్నిటిలో ‘పెద్దయంకె’ అని ఉంది. ఆ పాఠం వల్ల పద్యంలో యతిభంగం, అడవిలో దృష్టిభంగం, ఇంట్లో ధనభంగం. కనుక త్యాజ్యం.