పసివాడి ముద్దకు పెరటి కూర: తలకిందులుగా తోచే సలహాలు

బిడ్డ ముద్ద తినే వయసు వచ్చేదాకా గింజ నాటకుండా ఆగొద్దు. మొదటి ఆరు నెలలూ తల్లిపాలే చాలు, నిజమే. కానీ గుమ్మడి చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, చిలగడదుంపకూ అంతే. అన్నప్రాశన ముహూర్తం పెట్టించాక విత్తనాల కోసం బయల్దేరితే ఏం లాభం? రెండో నెలలోనే పాదు చేయండి. బిడ్డ బోర్లా పడి ఇంట్లో బొబ్బట్లు వండుకునే నాటికి తీగకు పిందెలు కనిపిస్తాయి. బాలింతను చూడ్డానికి వచ్చేవాళ్లు గౌన్లు ఎలాగూ తెస్తారు, వాటితోపాటు నాలుగు గుమ్మడి గింజలు కూడా అడగండి.

పాలకూరతో మొదలుపెట్టకండి. ఇనుము ఉందని అందరూ ముందు దాన్నే చల్లుతారు గానీ, అందులోని ఇనుములో ఒంటికి పట్టేది చాలా కొద్ది. అసలు చిక్కు నైట్రేటుతో. పాలకూర, బీట్‌రూట్ నేలలోని నైట్రేటును బాగా నిల్వ చేసుకుంటాయి. ఎరువు మితిమీరితే, అది పశువుల ఎరువే అయినా, ఆ నిల్వ ఇంకా పెరుగుతుంది. ఉడికించిన గుజ్జును బయట వదిలేస్తే సూక్ష్మజీవులు ఆ నైట్రేటును నైట్రైటుగా మారుస్తాయి. అది ఒంట్లోకి వెళ్తే రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేదు. ఎంత చిన్న బిడ్డ అయితే అంత ముప్పు. అందుకే ముందు గుమ్మడి, సొరకాయ, చిలగడదుంప పెట్టండి. పాలకూర కొన్నాళ్లు ఆగి, కొద్దిగా పప్పులో వేసి, వండిన పూటే పెట్టేయండి. మిగిలితే పెద్దవాళ్లు తినాలి, రేపటికి దాచొద్దు.

మొక్కకు బలం తగ్గించండి. ముఖ్యంగా పచ్చి పేడ వద్దు. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం పచ్చి ఎరువు వేస్తే, మట్టికి తగిలే పంటను కోయడానికి 120 రోజులు, తగలనిదానికి 90 రోజులు ఆగాలి. నెల తిరక్కుండానే కోసే తోటకూరకు అది అయ్యే పనేనా? బాగా మాగిన ఎరువో, వర్మీకంపోస్టో వాడండి. జీవామృతం అనే ద్రవ ఎరువులోనూ ఉండేది పచ్చి పేడే. దాన్ని వాడితే మొక్క మొదట్లోనే పోయండి, ఆకుల మీద చల్లకండి. కోత దగ్గరపడితే అదీ మానేయండి.

ఆకుకు చిల్లులు పడితే పడనివ్వండి. కషాయం కొట్టాలన్న ఆత్రం పురుగుకన్నా చెడ్డది. అగ్నిఅస్త్రం అనే కషాయంలో పొగాకు ఉంటుంది, పొగాకులోని నికోటిన్ సహజమైనదే అయినా విషమే. వేపనూనె తాగించినందువల్ల పసిపిల్లల ప్రాణం మీదికొచ్చిన ఉదంతాలు వైద్యులు నమోదు చేశారు. ఆకు మీద చల్లేది అంత మోతాదు కాదు, ఒప్పుకుంటాను. అయినా బిడ్డ నోటికి వెళ్లే నాలుగు మొక్కలకు అది దేనికి? పురుగుల్ని చేత్తో ఏరండి, పేనుబంకను నీళ్లతో కొట్టి కడిగేయండి. వేపనూనె సీసా మాత్రం పాకే బిడ్డకు అందని చోట పెట్టండి.

ఖాళీ పెయింటు డబ్బాల్లో మొక్కలు పెంచడం పొదుపనిపిస్తుంది. పారేయండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు పెచ్చులూడుతున్న గోడ పక్క మట్టిలోనూ కూర పెంచొద్దు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఆ నష్టం పూడేది కాదు. కొత్త మట్టి తెచ్చి మట్టి కుండీల్లో నింపుకోండి.

పది రకాలు వేయాల్సిన పని లేదు. మొదట్లో బిడ్డ తినేది రెండు మూడు చెంచాలు. ఆవిరి మీద ఉడికించి చేత్తో మెదిపితే సరిపోతుంది, మిక్సీలో వేసి నీళ్లలా చేయొద్దు. ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార కలపకండి, తేనె అసలే నాకించొద్దు.

చివరగా, తోట కూరలతోనే బిడ్డ కడుపు నింపకండి. ఆరు నెలలు దాటాక పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వలు తరిగిపోతాయి, గుమ్మడి ఆ లోటు తీర్చలేదు. పెసరపప్పు, గుడ్డు, తినే ఇళ్లలో మెత్తగా ఉడికిన మాంసం, చేప కొని పెట్టండి. పెరట్లో ఒక టమాటా మొక్క ఉంచుకోండి. పప్పు దించే ముందు పండొకటి అందులో చిదిమితే, దానిలోని సి విటమిన్ పప్పులోని ఇనుము బిడ్డ ఒంటికి పట్టేలా చేస్తుంది.