రివర్సు బాబు

ఇప్పటికి నేను మూడుసార్లు పోయాను. మొదటిసారి గుండెపోటుతో, మా వాకిట్లో నులకమంచం మీద. రెండోసారి ఏ రోగమో ఎవరూ చెప్పలేదు. పాట రెండో చరణంలోకి వచ్చేసరికి గోడమీద ఫోటోలో ఉన్నాను, బంతిపూల దండతో సహా. మూడోసారి సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

ఏజెన్సీ బడుల్లో ముప్ఫై ఏళ్లు తెలుగు చెప్పి, రిటైరై, అరకులోనే ఇల్లు కట్టుకున్నాను. మేడమీద రెండు గదులు టూరిస్టులకు అద్దెకిస్తుంటాను. ఈ చావులన్నీ ఆ గదుల మూలంగా వచ్చినవే. కాలేజీ పిల్లలు పాట తీసుకుంటామని వస్తారు. గదికి బేరమాడుతూ ఆడుతూ నా తెల్లమీసాల వంక చూస్తారు. ఒకడు ఇంకొకడి డొక్కలో పొడుస్తాడు. అంతే, అద్దెలో రెండొందలు తగ్గిపోతుంది, నేను హీరోయిన్ తాతనైపోతాను.

ఆ దండ ఫోటో నా ఆధార్ కార్డులోంచి పెద్దది చేయించారు. ఆధార్ ఫోటోలో ఎవరైనా పోయినవాళ్లలాగే ఉంటారు కనక ఖర్చు కలిసొచ్చింది. షూటింగయ్యాక దాన్ని మాకే వదిలేసి వెళ్లారు. పారేస్తానంటే మా ఆవిడ ఒప్పుకోదు, గోడకు పెడతానంటే అసలే ఒప్పుకోదు. బియ్యండబ్బా వెనక, గోడకేసి తిరిగి ఉంది. "చచ్చే వేషాలు తప్ప మీకింకేం దొరకవా?" అని ఆవిడ బాధ. అరవై దాటినవాడికి పాటలో ఇంకేం పని ఉంటుంది?

ఇలా వచ్చేవాళ్లలో రకాలున్నాయి. 2021లో బుల్లెట్టు బండి పాట వచ్చాక ఓ ఏడాదిపాటు బుల్లెట్ లేకుండా ఒక్క బృందం కొండెక్కలేదు. అదే ఏడు చివర్లో పుష్ప వచ్చింది. ఇక కుర్రాళ్లందరికీ ఒక భుజం పైకి లేచిపోయింది. "ఆ అడవి మారేడుమిల్లిది నాయనా, మాది కాదు" అని చెబితే వినేవాడెవడు? కొందరు లవ్ ఫెయిల్యూర్ పాటకోసం వస్తారు. వాళ్లు నాలుగు వారాల ముందునుంచే గడ్డం పెంచుకుని వస్తారు, ప్రేమించడానికి మాత్రం టైమ్ దొరకలేదంటారు. వీళ్లంతా మంచివాళ్లే. కానీ నాకు మక్కువైనవాడు వేరే ఉన్నాడు. వాణ్ణి నేను రివర్సు బాబు అంటాను.

విశాఖలో ఇంజినీరింగు నాలుగో ఏడు. రెండు మూడు సబ్జెక్టులు మిగిలి ఉంటాయి, ఆ మాట ఎత్తడు. టోపీ తిరగేసి పెడతాడు. మెడలో గింబల్ పట్టీ, చేతిలో ఫోను, వెనక ఐదుగురు స్నేహితులు, వాళ్లలో ఒకడి పని థర్మోకోల్ అట్ట మోయడం. మందు ముట్టడు. రాత్రి తొమ్మిదయ్యేసరికి మేడమెట్ల మీద నిలబడి, "తిన్నానమ్మా, స్వెట్టరు వేసుకున్నానమ్మా" అని అబద్ధం చెబుతాడు. మిగతా అందరూ పాట తీస్తారు. ఇతను పాట తీయడు, 'జాన్రా బ్రేక్' చేస్తాడు.

వచ్చిన సాయంత్రమే మా ఆవిడ నన్ను వంటింట్లోకి పిలిచింది. "పాపం, ఎవరండీ ఆ జాన్రా? పొద్దుటినుంచీ వాణ్ణి బ్రేక్ చేస్తాం, బ్రేక్ చేస్తాం అంటున్నారు. రాత్రికి భోజనానికి వస్తాడా, కొట్టేసి పంపించేస్తారా?"

జాన్రా అంటే పాట తాలూకు కులగోత్రాలని చెప్పాను. ఫోక్ పాటైతే ఇలా ఉండాలి, విరహమైతే ఇలా ఉండాలి, రాప్ అయితే గొలుసులుండాలి. వీటన్నిటినీ తలకిందులు చేస్తాడట ఈ అబ్బాయి.

ఆ రాత్రి చలిమంట దగ్గర నాకు ఫార్ములా అంతా అప్పజెప్పాడు. ముందు డ్రోన్ షాట్, కొండలూ మంచూ. తర్వాత సూర్యుడు. తర్వాత పట్టీల క్లోజప్. పూలచేలో హీరోయిన్ పరుగు, చున్నీ ఎగరడం. జలపాతం కింద తడవడం. బావ రాక. చూపులు. ఊరి జాతర. తాతగారు మంచం పట్టడం. విడిపోవడం, వాన, రైలు. చెబుతూ ఉంటే కుర్రవాడి కళ్లు మెరిసిపోతున్నాయి. ఆ ఫార్ములా మీద వాడికున్నది కోపం కాదు, పరమభక్తి. నేను వేళ్లు మడుచుకుంటూ లెక్కపెట్టుకున్నాను.

"బాబూ, దీనికి మా వాళ్లు ఎప్పుడో పేరు పెట్టేశారు. అష్టాదశ వర్ణనలు. ప్రబంధం అన్నాక నగరం, సముద్రం, కొండ, రుతువు, సూర్యోదయం, చంద్రోదయం, ఉద్యానవనం, జలక్రీడ, విరహం, పెళ్లి, ప్రయాణం, యుద్ధం... పద్దెనిమిదీ పడాల్సిందే. నీ డ్రోన్ శైలవర్ణన. నీ జలపాతం జలక్రీడ. నీ రైలు విప్రలంభం. ఐదొందల ఏళ్లనాటి జాన్రా ఇది."

అతను ఫోనులో రాసుకున్నాడు. "అష్టాదశ. టైటిల్ బాగుంది తాతగారూ."

ఎవరైనా బ్రేక్ చేశారా అనడిగాడు. జరుక్ శాస్త్రి గురించి చెప్పాను. భావకవుల్నీ శ్రీశ్రీనీ కూడా పేరడీ కట్టి, పేరడీ శాస్త్రి అనిపించుకున్న మహానుభావుడు. అసలు కవిత నోటికొస్తే తప్ప దానికి పేరడీ కట్టలేం. ఈ అబ్బాయికి అసలు నోటికొచ్చు. అక్కడిదాకా ఢోకా లేదు. ఎంటీవీ 1981లో మొదలైందని నాకు క్లాసు పీకబోయాడు. మేం శుక్రవారం చిత్రలహరి కోసం యాంటెనా పట్టుకుని మేడమీద నిలబడ్డవాళ్లం, మాకా చెబుతావు అన్నాను.

అతని ప్లాను ఇది. హీరోయిన్ పరిగెత్తదు, హీరో పరిగెత్తుతాడు, చున్నీ అతని మెడలోనే ఎగురుతుంది. బుల్లెట్ ఆమె నడుపుతుంది. జలపాతం దగ్గర ఎవరూ తడవరు, గొడుగేసుకుని బజ్జీలు తింటారు. విరహంలో గడ్డం ఉండదు, గుండు ఉంటుంది. ఈ గుండు దగ్గర హీరో అడ్డం తిరిగాడు. వచ్చే నెల క్యాంపస్ ఇంటర్వ్యూలట.

"మరి నేను?"

"మీరు పోరు తాతగారూ. అందరూ పోతారనుకుంటారు కదా, అక్కడే ట్విస్టు. మీరే లేచిపోతారు."

"ఎవరితో?" అని వంటింట్లోంచి వినబడింది.

మర్నాడు వలిసె చేను. నవంబరు కదా, లోయంతా పసుపు రాసినట్టుంది. 1995లో దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే వచ్చినప్పటినుంచీ దేశానికొక జబ్బు పట్టుకుంది, పసుపుపచ్చని పూలు కనిపిస్తే చాలు చేతులు బార్లా చాపుతారు. అది ఆవచేను, ఇది వలిసె, నూనెగింజ పంట అని ఎవరికి కావాలి? టూరిస్టులు తొక్కేస్తుంటే చూసి చూసి, రైతులే ఫోటోకి ఇంతని వసూలు చేసుకుంటున్నారు. ఈ చేను ఆసామి గట్టుమీద గొడుగు కింద కూచుని తలలు లెక్కపెట్టాడు.

"మనిషికి ఇరవై. పరిగెత్తేవోడికి ముప్ఫై."

"అదేంటి?"

"నిలబడేవోడు రెండు మొక్కలు తొక్కుతాడు. పరిగెత్తేవోడు ఎన్ని తొక్కుతాడు?"

రివర్సు బాబు జేబులోంచి ముప్ఫై తీశాడు. హీరోయిన్ గట్టుమీద నిలబడింది, నిజంగానే పరిగెత్తక్కర్లేదని ఆ అమ్మాయి మొహంలో వెలుగు. హీరో చున్నీ మెడలో వేసుకుని చేల్లోకి దూకాడు. మొదటి టేకులో చున్నీ మొహానికి చుట్టుకుంది. రెండో టేకులో తుమ్ము వచ్చింది. మూడో టేకు బ్రహ్మాండంగా వస్తోంది అనుకుంటూండగా ఆగిపోయి, మూతి మీద చెయ్యి పెట్టుకున్నాడు. వలిసె పూలంటే తేనెటీగలకు పండగ. మీ పాట జాన్రా ఏమిటని అవి అడగవు.

పావుగంటలో పైపెదవి పూరీలా పొంగింది. థర్మోకోల్ కుర్రాడు సున్నం కోసం పరిగెత్తాడు. రివర్సు బాబు మాత్రం ఆ మూతి వంక రెండు నిమిషాలు చూసి, చిటికె వేశాడు. "అసలు పాటంతా హీరో మొహం చూపించకపోతే? ఎవరైనా చేశారా?" ఆ క్షణంనుంచి హీరో నటనంతా వీపుతోనే.

రైలు సంగతి క్లుప్తంగా చెబుతాను, చెప్పుకోడానికి అక్కడేమీ జరగలేదు కనక. గేటు దగ్గర కిరండుల్ పాసింజరు కోసం కాపు కాశాం. అద్దాల బోగీలోంచి జనం చెయ్యూపుతుంటే కింద మా హీరో వీపు ఒంటరిగా నిలబడి ఉండాలి. ఆ లైను వేసింది 1960లలో, బైలదిలా ఇనుపరాయి విశాఖ రేవుకు దింపి జపానుకు పంపడానికి. 58 సొరంగాలు తొలిచి వేసింది ప్రేమికుల కోసం కాదు. ఆ సంగతి మాకు గుర్తు చేయడానికన్నట్టు పాసింజరు బదులు గూడ్సు వచ్చింది. ఇంజన్లు, వాటి వెనక ఇనుపరాయి, వెనక ఇనుపరాయి, వెనక ఇంకా ఇనుపరాయి. అది పూర్తయ్యేసరికి వెలుతురు పోయింది. నేను లేచిపోదామని సర్దుకున్న రేకుపెట్టె ఇంటికి మోసుకొచ్చాను. మా ఆవిడ తలుపు తీసి, "అప్పుడే వచ్చేశారే?" అంది.

మూడోరోజు థింసా. పక్క ఊరినుంచి పదిహేనుమంది ఆడవాళ్లు వచ్చారు. తుడుము వాయించేవాళ్లు, మోరి ఊదే పెద్దాయన. వాళ్ల పెద్దామె మొదటి మాటే, "ఏ థింసా గావాల బాబూ?" అంది. గ్రామదేవతకాడ ఆడే బోడ థింసా ఒకటి, ఆకులు ఏరినట్టు వంగి ఆడే పోతర్ తోల ఒకటి, పులినుంచి తప్పించుకునే బాగ్ థింసా ఒకటి. రివర్సు బాబు నావైపు తిరిగాడు. "తాతగారూ, వీళ్లకీ జాన్రాలున్నాయి!" ఉండవా మరి?

పులి థింసాయే కావాలన్నాడు, కానీ తిరగేసి. పులే భయపడి పారిపోవాలి.

"పులికెవరు సెప్తారు?" అందామె.

ఆ తర్వాత బ్లూటూత్ స్పీకరులో పాట పెట్టాడు. ఆడవాళ్లు కాసేపు విన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఎవరి అడుగూ పడలేదు. తుడుము మోగగానే పదిహేను మందీ ఒక్కసారి కదిలారు. ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, ముందుకు మూడడుగులు, వంగి, వెనక్కి. వరస మొత్తం పాములా మెలిక తిరుగుతుంది. చివరున్నామె వేగం పెంచితే ఆ వేగం వీపులమీదుగా ఈ చివరదాకా పాకుతుంది. నేను ఇన్నేళ్లుగా చూస్తున్నా, ఏ కాలు ఎప్పుడు లేస్తుందో ఇప్పటికీ పట్టుకోలేను.

"మధ్యలో ఉన్న అక్క ఒక్కరే బయటికి రావాలండీ. మిగతావాళ్లు వెనకాల బ్లర్ అయిపోతారు."

పెద్దామె ఆగింది. "ఒక్కర్తె వస్తే అది థింసా ఏటవుద్ది? నువ్వే రా, సూద్దువు గాని." గింబల్ ఉన్న చెయ్యి ఆమె వీపు వెనక్కి, రెండో చెయ్యి ఇంకో ఆమె వీపు వెనక్కి పోయాయి. తుడుము అందుకుంది. తిరగేసిన టోపీ మొదటి మెలికలోనే ఎగిరిపోయింది. కాళ్లు రెండూ ఎడమకాళ్లే అయినట్టు తొక్కుకుంటూ, కిందపడే వీలు కూడా లేక (రెండువైపులా పట్టు అలా ఉంటుంది), దుమ్ములో ఐదు నిమిషాలు ఈడ్చుకుపోయాడు. వదిలాక నేలమీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ మూడు రోజుల్లో అతను ఏ జాన్రా గుర్తుచేసుకోకుండా నవ్వింది అప్పుడొక్కసారే.

కెమెరాలో అదంతా ఎక్కింది. ఆకాశం, మట్టి, కడియాలు, తలకిందులుగా ఒక కొండ, ఎవరిదో నవ్వు. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇదే పెట్టెయ్ బాబూ!" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "షేకీ కెమెరా ఇప్పుడు పెద్ద ఫార్ములా తాతగారూ, అందరూ చేసేస్తున్నారు." నా కళ్లముందే డిలీట్ కొట్టాడు. తుడుము ఆయన మనవడు తన ఫోనులో తీసింది మాత్రం ఉండిపోయింది. ఆ వారం సంతలో అది చూడనివాళ్లు లేరు. నాకు బియ్యం తూచేటప్పుడు కూడా కొట్టతను అదే చూస్తూ తూచాడు, వంద గ్రాములు మొగ్గు నాకే వచ్చింది.

ఆఖరి సాయంత్రం రివర్సు బాబు మొహం వేలాడేసుకుని వచ్చాడు. రైలు లేదు, హీరోకి మొహం లేదు. చాలాసేపు ఆలోచించి, మెల్లిగా అన్నాడు: "మనం అన్నీ తిప్పేశాం కదా తాతగారూ. ఇక మీరు పోరని అందరికీ తెలిసిపోతుంది. అందుకని..."

రివర్సుకు రివర్సు. అదే వాకిలి, అదే నులకమంచం.

"కొంచెం వెరైటీగా పోండి."

"ఎలా?"

"నవ్వుతూ."

తెల్లదుప్పటి కప్పారు. హీరోయిన్ ఏడవకూడదు గనక బజ్జీ తింటూ కూచుంది. మంచు దిగుతోంది, హీరో వీపు నాకు నివాళి అర్పిస్తోంది. అంతలో గేటు చప్పుడైంది. రెండు గదులూ రెండ్రోజులకు కావాలని ముందే ఫోను చేసిన కుటుంబం, సామాను సహా. దుప్పట్లో నన్ను చూశారు, చుట్టూ మౌనంగా నిలబడ్డ కుర్రాళ్లను చూశారు. పెద్దాయన చెప్పులు విడిచి, దూరంనుంచే చేతులు జోడించి, పిల్లల్ని తీసుకుని వెనక్కి తిరిగాడు. లేచి పిలుద్దామంటే టేకు నడుస్తోంది. అయినా లేస్తే వాళ్లు ఇంకా గట్టిగా పరిగెత్తుతారు.

పాట నెల్లాళ్లకు వచ్చింది. కాలేజీ పండగలో బహుమతి కూడా ఇచ్చారట, సంప్రదాయ జానపద విభాగంలో. ఫోనులో ఆ మాట చెబుతుంటే అతని గొంతు ఏడుపులా ఉంది. నేను పాట చూస్తూ వేళ్లు మడిచాను. పద్దెనిమిదిలో పదకొండు వర్ణనలు పడ్డాయి. మిగతావి చెప్పనా అన్నాను.

"వద్దు తాతగారూ. వచ్చే నెల మళ్లీ వస్తున్నాం, బొర్రా గుహల్లో. హారర్. మీరు దయ్యం. కానీ భయపెట్టరు, మీకే భయం."

ఫోను పెట్టేసి వెనక్కి చూస్తే మా ఆవిడ బియ్యండబ్బా జరిపి, ఆ ఫోటో బయటికి తీసి, కొంగుతో అద్దం తుడుస్తోంది. "దయ్యానికి ఎలాగూ ఫోటో కావాలి కదా," అంది. "అద్దెలో మాత్రం ఈసారి పైసా తగ్గించకండి."