పుస్తకం మీద లొల్లి వస్తే: లైబ్రరీ సార్లకు కొన్ని చిట్కాలు

జనగామలోనో మానుకోటలోనో భూపాలపల్లిలోనో కొత్తగా లైబ్రరీ బాధ్యత నెత్తికెత్తుకున్న సార్లూ, మేడంలూ! ఏదో ఒక పొద్దున నలుగురు వస్తారు. మధ్యనున్నాయన చేతిలో ఫోను, ఫోనులో ఒక పేజీ ఫొటో. "ఈ పుస్తకం ఇక్కడ ఎట్ల పెట్టిన్రు సార్?" అంటాడు. అప్పుడేం చేయాలో మీకు ఎవరూ చెప్పి ఉండరు.

ముందు కుర్చీలు వేయించి చాయ్ తెప్పించండి. దరఖాస్తు మాత్రం రాసిమ్మని అడగొద్దు. అమెరికాలో చాలా లైబ్రరీలు ఇట్లా వచ్చినవాళ్ల చేతిలో ఒక ఫారం పెడతాయి. పుస్తకం మొత్తం చదివారా, ఏ భాగం మీద అభ్యంతరం అని అందులో ప్రశ్నలుంటాయి. కమిటీ చదివి తేల్చేదాకా పుస్తకం అరలోనే ఉంటుంది. ఎంత మర్యాద తక్కువ పని! గడప తొక్కిన మనిషిని చదివావా అని అడుగుతామా? పైగా కాగితం పుట్టిందంటే దానికో ఇన్‌వర్డ్ నంబరు, ఆ నంబరుకో జవాబు.

మీరూ ఆ పుస్తకం చదవొద్దు. నచ్చితే కష్టం.

చట్టం ఊసు అసలే ఎత్తకండి. పుస్తకాన్ని జప్తు చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. అదీ భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 98వ సెక్షన్ కింద, కారణాలు చూపి నోటిఫికేషన్ ఇవ్వాలి. దాన్ని ఒప్పుకోనివాళ్లు రెండు నెలల్లోపు హైకోర్టుకు పోవచ్చు. వచ్చిన నలుగురూ మీరే ప్రభుత్వం అనుకుంటున్నారు, అనుకోనీయండి. కోర్టుదాకా పోతే మాత్రం పని చెడుతుంది. మన పాత వరంగల్ జిల్లా మనిషే కంచ ఐలయ్య. ఆయన పుస్తకాన్ని నిషేధించమంటూ సుప్రీంకోర్టుకు పోతే 2017 అక్టోబరులో ఆ పిటిషన్ కొట్టేశారు.

అసలు నిషేధం అనేదే మొరటు పద్ధతి. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే బ్రిటిష్ సర్కారు దాన్ని నిషేధించింది. ఏం సాధించింది? ఉత్తర్వంటూ ఒకటి ఉంది గనక దాన్ని ఎత్తేయమని అడిగే వీలు చిక్కింది. 1947లో ప్రకాశం పంతులు ఎత్తేశారు, వావిళ్లవారు మళ్లీ అచ్చేశారు. అదే బీరువాకు తాళం వేసి ఉంటే? తాళానికి తేదీ ఉండదు, సంతకం ఉండదు, అప్పీలు ఉండదు.

అందుకే అడిగినవాళ్లకు "బైండింగుకు పోయింది" అని చెప్పండి. బైండింగుకు పోయిన పుస్తకం కోసం ఎవరూ ధర్నా చేయరు. స్టాక్ రిజిస్టర్‌లో నంబరు భద్రంగా ఉంటుంది, ఆడిట్‌కు వచ్చినాయనకు పుస్తకమూ కనిపిస్తుంది, చదవడానికి వచ్చినాయనకే కనిపించదు. బడిలోనైతే ఈ తిప్పలు కూడా లేవు. పుస్తకం పోతే ఎవరి మెడకు చుట్టుకుంటుందోనన్న భయంతో మొత్తం లైబ్రరీ హెడ్మాస్టర్ గది బీరువాలోనే ఉండే బళ్లు మనకు కొత్త కాదు. ఫిర్యాదు రాకముందే బాలశిక్ష మొదలు భారతం దాకా అన్నీ లోపలే. ఏ కులమూ, ఏ పార్టీ కూడా వేలెత్తి చూపలేని నిష్పక్షపాతం!

భూమిలో పాతిపెట్టే ఆలోచన మాత్రం వద్దు. కావాలంటే పాలకుర్తి దగ్గర బమ్మెరకు పోయి అడగండి. పోతన భాగవతాన్ని సర్వజ్ఞ సింగభూపాలుడు పాతిపెట్టించాడని ఒక కథ ఉంది. శిథిలమైన భాగాలను గంగన, సింగన, నారయ కూర్చుని పూరించారు. రాజుకు ఒరిగిందేమిటి? ఒక్క కవి ఉన్నచోట నలుగురయ్యారు.

కాగితం గుంజుకున్నా ఫాయిదా లేదు. మానుకోట జిల్లా చిన్నగూడూరులో పుట్టిన దాశరథిని నిజాం సర్కారు నిజామాబాద్ జైల్లో వేస్తే, పళ్లు తోముకునే బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశాడు. భూపాలపల్లి సార్లు మరీ జాగ్రత్త. మీ కాళ్ల కిందంతా సింగరేణే.

ఇక ఖాళీ అయిన అరలో ఏం పెట్టాలంటారా? గ్రూప్స్ గైడ్లు పెట్టండి. రీడింగ్ రూములో పొద్దస్తమానం కూర్చునేది ఎక్కువగా ఆ పిల్లలే, గైడు మీద కొట్లాటకు ఎవరూ రారు. అందులో పోతన ఉంటాడు, దాశరథి ఉంటాడు, ముద్దుపళని కూడా ఉంటుంది, తలా ఒక్క బిట్టు చొప్పున. ఆ బిట్టు చూసి ఏ పిల్లో వచ్చి "సార్, ఈ పుస్తకం ఉందా?" అని అడిగితే కంగారు పడొద్దు. "పేరు గుర్తు పెట్టుకో బిడ్డా, మార్కుకు అది చాలు" అనండి.