డ్రాయింగ్ మాస్టారి ట్రైనింగ్

ప్రతి హైస్కూల్లోనూ ఒక డ్రాయింగ్ మాస్టారు ఉంటారు. లేదా ఆ పోస్టు ఖాళీగా ఉంటుంది. ఉన్నచోట ఆయనకు బొమ్మలు తప్ప మిగతా పనులన్నీ ఉంటాయి. ఎవరు సెలవు పెట్టినా ఆ పీరియడ్ ఆయనదే. ఆయన పీరియడ్ మాత్రం లెక్కల మాస్టారిది. సిలబస్ అవలేదంటూ లెక్కల మాస్టారు గుమ్మంలో నిలబడగానే పిల్లలు రంగుపెన్సిళ్లు లోపల పెట్టేస్తారు. డ్రాయింగులో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై, మండుటెండల్లో 42 రోజుల టీటీసీ ట్రైనింగ్ చేసి సంపాదించుకున్న ఉద్యోగం ఇది. అలాగని గౌరవానికి లోటేమీ లేదు. ఆగస్టు 14న, జనవరి 25న స్కూల్లో ఆయనంతటి మనిషి లేడు.

ఆ రెండు రోజుల్లో హెడ్మాస్టారు పని పురమాయించే తీరు వినాలి. "మాస్టారూ, గాంధీగారు కావాలి. పక్కన నెహ్రూగారు. పైన జెండా, కింద పావురం. పావురం ఎగురుతున్నట్టుండాలి. మొత్తం కాస్త రిచ్‌గా... రేపు పొద్దున్నకి." పొద్దున్నకి అందరూ బోర్డు మీదికి వచ్చేస్తారు. "గాంధీగారు కొంచెం నవ్వుతుంటే బాగుండేదేమో" అంటారు హెడ్మాస్టారు. మాస్టారు డస్టర్ అంచుతో గాంధీగారి మూతి తుడిచి, నవ్వు పెడతారు.

ఇలాంటి మనిషిని ఏఐ ట్రైనింగ్‌కని జిల్లా కేంద్రానికి పిలిపించి, కొడుకు ఈడు రిసోర్స్ పర్సన్ ప్రొజెక్టర్ వెలిగించి, "ఏం కావాలో మాటల్లో చెబితే చాలు సార్, బొమ్మ వేసిపెడుతుంది. దీన్నే ప్రాంప్ట్ అంటారు" అంటే ఆయన ఎందుకు ఆశ్చర్యపోవాలి? ఇరవయ్యేళ్లుగా ఆ యంత్రం తనే. పైగా కరెంటు కూడా అక్కర్లేదు.

తెరమీద రైతు ప్రత్యక్షమయ్యాడు. హాలంతా చప్పట్లు. మాస్టారు కళ్లజోడు ముక్కు చివరికి దించి, నాగలి మేడి ఎద్దు పొట్టలోకి దిగిపోవడం చూశారు. రైతు వేళ్లు లెక్కపెట్టారు. ఆరు. "ఎనిమిది బీలో ఒకడు అచ్చం ఇలాగే వేస్తాడండీ. మూడు మార్కులు తగ్గించాను" అన్నారు. తర్వాత యంత్రం 'సుస్వాగతం' బ్యానరు రాసింది. సున్నాలు, తలకట్లు, ఒత్తులు సమృద్ధిగా ఉన్నాయి, అక్షరాలే లేవు. కన్నడమేమోనని ఒకాయన అనుమానపడ్డారు. బళ్లారిలో చదువుకున్న మరొకాయన ఆ నింద ఒప్పుకోలేదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. నా ఉద్దేశంలో అసలు ట్రైనింగ్ అప్పుడే మొదలైంది. చేతిలో తెర లేకపోయేసరికి ఆ కుర్రాడు తనకు నిజంగా ఇష్టమైన సంగతి చెప్పాడు. నియమం మనిషి పెట్టి, మిగతాది యాదృచ్ఛికానికి వదిలేసే కళ ఈ ఏఐ బొమ్మల కంటే చాలా పాతదట. 1965లోనే జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గియోర్గ్ నీస్ కంప్యూటర్ గీసిన బొమ్మలు ప్రదర్శనకు పెట్టాడు. పారిస్‌లో వెరా మోల్నార్ అయితే, 1968లో కంప్యూటర్ దొరక్కముందే, ఊహలో యంత్రాన్ని పెట్టుకుని దాని నియమాల ప్రకారం చేత్తోనే గీసేది. మన పక్కనే మద్రాసులో సిరోమణి దంపతులు కమలా కృతివాసన్‌తో కలిసి 1974లో ముగ్గులకు గణిత వ్యాకరణం రాశారు. ముగ్గుల మాట వినగానే మాస్టారు జాగ్రత్తపడ్డారు. సంక్రాంతి పోటీలకు ఏటా ఆయనే జడ్జి. మొదటి బహుమతి ఏటా సర్పంచిగారి కోడలిదే. ఆ వ్యాకరణం జోలికి ఆయన పోరు.

"లెక్కల నోట్‌బుక్కులు తీయండి సార్. గడికో గీత. రూపాయి ఎగరేయండి. బొమ్మ పడితే మూల నుంచి మూలకి ఇటు వాలు, బొరుసు పడితే అటు వాలు. అంతే."

"పిల్లల ఆట" అన్నారు మాస్టారు. మొదటి వరుస గీశారు. రెండోది గీశారు. మూడో వరుసకి విడివిడి గీతలు ఒకదాన్నొకటి అందుకుని సందులయ్యాయి, సందులు మలుపు తిరిగాయి, ఒకచోట నాలుగు గీతలు కలిసి వజ్రం తేలింది. టీ వచ్చింది, మీగడ కట్టింది. లెక్కల నోట్‌బుక్కులో డ్రాయింగ్ వేస్తున్నానన్న సంగతి ఆయనకు మధ్యలో తట్టినట్టుంది. పాత బాకీ వసూలవుతున్నవాడిలా చిన్నగా నవ్వుకున్నారు.

కుర్రాడు వచ్చి భుజం మీంచి తొంగిచూశాడు.

"మాస్టారూ, బొరుసు కదా పడింది? ఇటు గీశారేంటి?"

"పడింది."

"మరి నియమం..."

"నియమం సరేనండీ. ఇక్కడ బాగోదు."

కుర్రాడు మరో రెండు గళ్లు చూసి, ఇక అడగడం మానేశాడు.

సాయంత్రం ముగింపు సభకి ఆఫీసరుగారు బయలుదేరారని కబురొచ్చింది. సర్టిఫికెట్లు రంగురంగుల అంచులతో అచ్చయి సిద్ధంగా ఉన్నాయి, పేర్లు తప్ప. రిసోర్స్ పర్సన్ కట్ట పట్టుకుని నేరుగా మూడో బెంచీ దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీ రైటింగ్ బాగుంటుందని అందరూ అంటున్నారు..."

మాస్టారు అప్పటికే జేబులోంచి కట్ నిబ్ పెన్ను తీసి, మూత తిప్పుతున్నారు.

"ఇంటిపేర్లు పూర్తిగా రాయాలా, పొడి అక్షరం చాలా?"