సహజ్ ఫారం ఆత్మకథ

ఆదాయపన్ను రిటర్న్ ఫారాల్లో అన్నిటికన్నా సులువైనది ఐటీఆర్-1. అంతకుముందు చెలామణిలో ఉన్న సరళ్ ఫారం బాటలో ఇది 2007లో పుట్టింది. 2011లో దీనికి సహజ్ అని పేరు పెట్టారు. ఇందులో ‘నేను’ అన్న మాట చివరి ధ్రువీకరణలో వస్తుంది. అదైనా ఫారంది కాదు, నింపినవారిది. అందుకే సహజ్ ఆత్మకథ ప్రథమ పురుషలోనే నడుస్తుంది.

జీతం, పింఛను, ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ వంటి ఆదాయాలుండి, అన్నీ కలిపి 50 లక్షల రూపాయలు దాటని భారత నివాసులకు ఈ ఫారం సరిపోతుంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో జూలై వచ్చిందంటే సహజ్ చెవిన పడే ప్రశ్న ఒకటే: ‘పన్నే పడనప్పుడు రిటర్న్ ఎందుకండీ?’ పన్ను పడుతుందా అన్నది ఒక లెక్క, రిటర్న్ వేయాలా అన్నది ఇంకో లెక్క. రెండింటినీ కలిపేయడం వల్లే ఈ ప్రశ్న పుడుతుంది.

1961 నాటి ఆదాయపన్ను చట్టంలో 139వ సెక్షన్ రెండో లెక్కను చెబుతుంది. 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినా, 2025-26లో సంపాదించిన ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది. కంపెనీలు, భాగస్వామ్య సంస్థలు లాభం వచ్చినా నష్టం వచ్చినా రిటర్న్ వేయాల్సిందే. వ్యక్తుల విషయంలో మాత్రం ఆదాయం మినహాయింపు పరిమితిని దాటిందా అని చూస్తారు. 2025-26కు కొత్త పన్ను విధానంలో ఏ వయసువారికైనా ఈ పరిమితి 4 లక్షలు. పాత విధానం ఎంచుకుంటే 2.5 లక్షలు, 60 ఏళ్లు నిండినవారికి 3 లక్షలు, 80 నిండినవారికి 5 లక్షలు. 80సీ వంటి తగ్గింపులు తీయకముందున్న ఆదాయాన్నే ఈ పరిమితితో పోల్చాలి.

బాపట్లలో ఏడాదికి 9 లక్షల జీతం తీసుకునే ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం. కొత్త విధానంలో 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా మిగిలేది 8,25,000. శ్లాబుల ప్రకారం పన్ను 22,500. ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి 87ఏ రిబేటుతో ఆ పన్ను మొత్తం మాఫీ అవుతుంది. అయినా ఆదాయం 4 లక్షలు దాటింది గనుక రిటర్న్ తప్పనిసరి. రిబేటు పన్నును తీసేస్తుంది గానీ బాధ్యతను తీసేయదు.

తెనాలిలో 66 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడి లెక్క దీనికి తలకిందులు. పింఛను 3 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ల వడ్డీ 1,40,000 అనుకుందాం. ప్రామాణిక తగ్గింపు పోగా మొత్తం 3,65,000. అది 4 లక్షల లోపే, కాబట్టి రిటర్న్ ఐచ్ఛికం. కానీ వడ్డీ లక్ష దాటిందని బ్యాంకు 10 శాతం చొప్పున 14,000 టీడీఎస్ కోసింది. ముందే బ్యాంకుకు 15హెచ్ ఫారం ఇచ్చి ఉంటే ఆ కోత పడేది కాదు. ఇప్పుడు ఆ సొమ్ము వెనక్కి రావాలంటే సహజ్ నింపడమే దారి. టీడీఎస్, టీసీఎస్ కలిపి 25,000 లేదా అంతకు మించితే ఆదాయం తక్కువైనా రిటర్న్ తప్పదు. 60 ఏళ్లు నిండినవారికి ఈ హద్దు 50,000.

రేపల్లె వైపు వెళ్తే లెక్క మడిలోంచి చెరువులోకి మారుతుంది. వరి, అరటి ఆదాయం వ్యవసాయ ఆదాయం, దానికి పన్ను లేదు. పంట వేసే భూమి మీద వచ్చే కౌలు కూడా అంతే. వ్యవసాయమే తప్ప వేరే ఆదాయం లేని రైతు రిటర్న్ వేయనక్కర్లేదు. అదే పొలాన్ని తవ్వి రొయ్యల చెరువు చేస్తే వచ్చేది వ్యాపార ఆదాయం. అమ్మకాలు ఏడాదిలో 60 లక్షలు దాటితే నష్టం వచ్చినా రిటర్న్ వేయాలి. రాత్రంతా ఏరియేటర్లు తిరిగే చెరువుకు కరెంటు ఖర్చు ఏడాదికి లక్ష దాటడం పెద్ద విషయం కాదు. అలా దాటినా రిటర్న్ తప్పనిసరే. ఇక్కడ సహజ్ పనికిరాదు, వ్యాపారానికి ఐటీఆర్-3 గానీ ఐటీఆర్-4 గానీ వాడాలి. వ్యవసాయ ఆదాయం 5,000 దాటిన జీతగాడికి కూడా సహజ్ చెల్లదు, అతనికి ఐటీఆర్-2. చెరువులో వచ్చిన నష్టాన్ని వచ్చే ఏళ్ల లాభంలో సర్దుకోవాలంటే గడువులోగానే రిటర్న్ పడాలి.

ఆదాయంతో పని లేకుండా రిటర్న్‌ను తప్పనిసరి చేసేవి ఇంకొన్ని ఉన్నాయి. కరెంటు ఖాతాల్లో కోటి దాటిన జమ, పొదుపు ఖాతాల్లో 50 లక్షలు లేదా అంతకు మించిన జమ, వృత్తిలో 10 లక్షలు దాటిన రాబడి, నివాసికి విదేశంలో ఉన్న ఆస్తి అందులోకి వస్తాయి. తనకోసమైనా ఇతరుల కోసమైనా విదేశీ ప్రయాణానికి 2 లక్షలు దాటిన ఖర్చు కూడా అంతే. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఇది వర్తించేదీ లేనిదీ టికెట్ డబ్బు ఎవరు పెట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. మరోవైపు 75 ఏళ్లు నిండి, పింఛను, వడ్డీ తప్ప వేరే ఆదాయం లేక, ఆ రెండూ ఒకే నిర్దేశిత బ్యాంకులో వచ్చేవారు అక్కడ డిక్లరేషన్ ఇస్తే బ్యాంకే పన్ను లెక్కగట్టి కోస్తుంది, రిటర్న్ అక్కర్లేదు.

సహజ్‌కు గడువు మామూలుగా జూలై 31, ఆలస్యంగానైతే డిసెంబరు 31. తప్పనిసరి అయినవారు గడువు దాటిస్తే రుసుము 5,000, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000. స్వచ్ఛందంగా వేసేవారికి ఆ రుసుము లేదు. ఎవరు వేసినా 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతోనో మరో మార్గంలోనో ధ్రువీకరించాలి. ‘నేను’ అన్న ఆ చివరి మాటకు ధ్రువీకరణ పడే వరకు సహజ్ నింపిన కాగితమే, రిటర్న్ కాదు.