పంచాంగకర్త గారికి కొత్త దంపతుల బహిరంగ లేఖ

బ్రహ్మశ్రీ సిద్ధాంతి గారి దివ్యసముఖమునకు,

మొన్న ఫాల్గుణంలో మీరు పెట్టిన ముహూర్తానికి పెళ్లాడిన దంపతులం నమస్కరించి రాసుకునేది. మేం క్షేమం. మీకు పంపిన సంభావన ముట్టిందని నాన్నగారు చెప్పారు కాబట్టి ఇది డబ్బు సంగతి కాదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ పెళ్లి కబుర్లు చెప్పండి, హనీమూన్ కబుర్లు చెప్పండి అని అడుగుతున్నారు. చెప్పబోతే ప్రతి కబురూ తిరిగి తిరిగి మీ పంచాంగం దగ్గరే ఆగుతోంది. అందుకని నలుగురి ముందే అడిగేస్తున్నాం.

శుభలేఖలో మీరు రాసిచ్చినట్టే అచ్చు వేయించాం: బుధవారం రాత్రి 2.17 గంటలకు, తెల్లవారితే గురువారం, ధనుర్లగ్నం. మీ లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, సెల్‌ఫోన్ లెక్కలో అర్ధరాత్రి మారిపోతుంది. ఈ రెంటి మధ్యా ఇరుక్కుని మా బాబాయి గురువారం రాత్రి పట్టుపంచెతో ఫంక్షన్ హాల్లో దిగారు. అక్కడ ఇంకెవరిదో పెళ్లి. భోంచేసే వచ్చారనుకోండి. గుత్తి వంకాయ మన పెళ్లిలోకన్నా బాగుందని మా పెళ్లిలో లేకపోయినా ఇప్పటికీ అంటుంటారు.

ఇక అసలు ఫిర్యాదు. తిథీ నక్షత్రం, తారాబలం, చంద్రబలం అన్నీ తూచి ఆ 2.17 పట్టుకుని ఉంటారు మీరు. పురోహితులు గడియారం చూసి కానివ్వండి అన్నారు, గట్టిమేళం మోగింది, జీలకర్ర బెల్లం పెట్టుకున్నాం, తెర తీశారు. అప్పుడు ఫొటోగ్రాఫర్ ముందుకొచ్చి, "సార్, తెర అడ్డొచ్చింది. ఇంకోసారి చెయ్యి పెట్టండి. మేడం, మీరు కొంచెం సిగ్గుపడండి" అన్నాడు. పురోహితులు మంత్రం ఆపి పక్కకి జరిగారు. పెళ్లికొడుకు తండ్రి మాట కాదనగలరు గానీ కెమెరా మాట కాదనేవాళ్లు ఈ రోజుల్లో ఏ వేదికమీదా లేరు. 2.24కి మళ్లీ పెట్టుకున్నాం. ఆల్బంలో ఉన్నది ఆ రెండోది. హాల్లో పటం కట్టించిందీ అదే, చూసినవాళ్లు ముచ్చటపడేదీ అదే. మొదటిది చూసిందల్లా పురోహితులూ మేమూనూ, అది కూడా నిద్రమత్తులో. మరి మా పెళ్లి ఎప్పుడైనట్టు? ధనుర్లగ్నం దాదాపు రెండు గంటలుంటుంది, ఏం ఫర్వాలేదంటారా? అలాగైతే ఆ 17 దేనికండీ, రెండుంబావు అంటే సరిపోయేదిగా.

అరుంధతి సంగతి కూడా వినండి. పగటి పెళ్లిళ్లలో పురోహితుడి వేలు చూసి కనిపించిందనేస్తారు, దానికెవరూ తప్పు పట్టరు. మాకు మాత్రం ఆ వేళకి సప్తర్షి మండలం ఉత్తరాన బాగా పైకెక్కి నిజంగానే ఉంది. కానీ హాలు లైట్ల వెలుగులో ఒక్క చుక్క కనబడితే ఒట్టు. ఎర్రగా మిణుకుమంటున్నదేదో చూసి ఇద్దరం "ఆఁ కనిపించింది" అన్నాం. అది డ్రోన్. హనీమూన్‌కి వెళ్లిన అరకులో ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు అసలైన అరుంధతిని మా ఆవిడే పట్టుకుంది, వసిష్ఠుడి పక్కన సన్నగా. ఆ వసిష్ఠుడి చుక్క నిజానికి నాలుగు నక్షత్రాలట, అరుంధతి రెండట, ఖగోళ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆదర్శ దంపతులకీ అక్కడ ఏకాంతం లేదన్నమాట, ఉమ్మడి కాపురమే.

అరకు ప్రయాణానికి మీ వారశూల అడ్డొచ్చింది. మాకు టికెట్లు దొరికింది సోమవారానికి. సోమ, శనివారాలు తూర్పుకి కూడదు, విజయవాడ నుంచి విశాఖ తూర్పే అంది అమ్మ. ఈశాన్యం అన్నాను. "ఈశాన్యంలో తూర్పు లేదూ?" అంది. చివరికి ఆదివారమే మా సూట్‌కేసుని ఎదురింట్లో పెట్టి ప్రయాణం మొదలైనట్టే అనిపించింది. మాకన్నా ముందు మా బట్టలు హనీమూన్‌కి వెళ్లాయి.

విశాఖలో పొద్దున్నే ఎక్కే అరకు రైలుకి 2017 నుంచి అద్దాల పెట్టె ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకి చేర్చి జపానుకి ఎగుమతి చేయడానికి 1960ల్లో వేసిన దారి అది. ఇప్పుడు ఖనిజంతోపాటు కొత్త జంటల్నీ మోస్తోంది. దారిలో 58 సొరంగాలంటారు. సొరంగం వస్తే చీకటి, చీకటి వస్తే కుర్రాళ్ల ఈలలు. మా వెనక సీట్లో పెద్దావిడ మాత్రం సొరంగం వచ్చినప్పుడల్లా ఫోన్ లైటు వేసి జంతికల డబ్బా వెతుక్కున్నారు. బొర్రా గుహల్లో రంగు దీపాల పుణ్యమా అని మా ఆవిడ ఆకుపచ్చగా, నేను ఊదాగా పడ్డాం. బొంగు చికెన్ బాగుంది. ఇంతా చేసి ఫొటోలు చూపిస్తే మా అత్తగారు అడిగిన మొదటి మాట: "పసుప్పచ్చ పూలతోట ఏదమ్మా, అందరూ దిగుతారే?" అవి వలిసె పూలు. ఫాల్గుణంలో చూద్దామన్నా దొరకవు. కార్తీకంలో కూడా ముహూర్తాలుంటాయి కదండీ. మా జాతకాలకి ఫాల్గుణమే కుదిరిందన్నారు. పూలకి జాతకం చూడలేదు.

పెళ్లి ఆల్బం చూడ్డమంటే మావాళ్లకి హాజరు పట్టీ తిరగెయ్యడం. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, వచ్చిన పిన్ని కట్టిన చీర ఏడాది కిందటి పెళ్లిలో కట్టిందేనా. మేం ఎక్కడున్నామో ఎవరూ చూడరు. వీడియో పెడితే ఒక పూట పోతుంది. వచ్చే ఉగాది పంచాంగంలో దయచేసి ఒక గడి కలపండి: కొత్త దంపతులు ఫొటోలు చూపుటకు తగిన కాలం. దాని పక్కనే వర్జ్యం కూడా వేయండి, కాస్త ఎక్కువగానే.

చివరిది ఆషాఢం. అల్లుడు అత్తగారి గడప దాటకూడదు, కోడలు పుట్టింట్లో ఉండాలి. ఎండాకాలం పురుడు రాకుండా పెద్దలు పెట్టుకున్న ఏర్పాటని విన్నాం, కాదనం. కానీ చాంద్రమానం ఏటా పదకొండు రోజులు వెనకబడుతుంది, దాన్ని సర్దడానికి మీరు అధిక మాసం వేస్తారు. 2015లో అది ఆషాఢానికే పడింది. ఆ ఏడు పెళ్లయిన మా అక్కకి వాళ్లత్తగారు రెండు ఆషాఢాలూ లెక్కే అన్నారు. పాపం బావ. 2026లో అధికం జ్యేష్ఠానికి వేశారు, సంతోషం. ఉన్న ఒక్క ఆషాఢంలోనైనా చిన్న సడలింపు: వీడియో కాల్ చేస్తే గడప దాటినట్టా, కాదా? మీ మాట రాతలో కావాలి, మా అత్తగారికి చూపించాలి.

ఇట్లు,
మీ ఆశీస్సులు కోరు దంపతులు

తా.క. సిద్ధాంతి గారికి నమస్కారం. ఇది నేను, పెళ్లికూతురిని. పైన ఆషాఢం గురించి రాసింది ఆయన సొంత అభిప్రాయం, నేను సంతకం పెట్టింది మిగతా లేఖకే. పెళ్లయిన దగ్గర్నుంచీ వచ్చినవాళ్లకి కాఫీలివ్వడం, ఫొటోలు చూపించడంతోనే సరిపోతోంది. నాకు మా అమ్మ దగ్గర నెల్లాళ్లు నిద్ర కావాలి. దాన్ని మాత్రం ముట్టుకోకండి.